మా హద్దులోకి రాదండీ

మణికొండలో అద్దెకి దిగిన మూడో నెలలో నా ఫోను పోయింది. ఎక్కడో మర్చిపోవడం కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి పైప్‌లైన్ రోడ్డు పక్కన క్యాబ్ కోసం నిలబడితే, బైకు మీద ఇద్దరొచ్చి చేతిలోంచి లాక్కుపోయారు. పక్కింటాయన స్కూటరెక్కి దగ్గర్లో ఉన్న స్టేషనుకి వెళ్లాను. అక్కడి రైటర్ మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లిప్పించాడు, మొత్తం విన్నాడు. విని ఒకటే అడిగాడు: "మీరు రోడ్డుకి ఇటుపక్క నిలబడ్డారా, అటుపక్కా?" అటుపక్క అన్నాను. "అయితే మా హద్దులోకి రాదండీ."

రెండో స్టేషనులో, బైకు ఏ వైపు నుంచి వచ్చిందో అడిగారు. చెప్పాను. మొదటి స్టేషనుకే వెళ్లమన్నారు. రసీదు చేతికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఫోను రానే లేదు.

ఫోను సంగతి తర్వాత మర్చిపోయాను గానీ ఆ గీత మాత్రం బుర్రలో ఉండిపోయింది. రోడ్డు మధ్యలో ఎవరికీ కనబడని ఆ గీతని ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు? ఇలాంటివాటికి జవాబు ఏదో ఒక జీవోలో ఉంటుందనుకుంటాం. వెతుక్కుంటూ పోతే అది జీవోలన్నీ దాటుకుని నిజాం కాలం దాకా తీసుకెళ్లింది.

*

మా ఊరి అసలు పేరు రెవెన్యూ కాగితాల్లో ఇప్పటికీ 'మణికొండ జాగీర్'. ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు రిజిస్ట్రేషన్ రోజున ఆ రెండో మాట చూసి ఒకసారి ఆగుతారు. హుస్సేన్ సాగర్ కట్టించాడని చెప్పే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఇక్కడే ఉంది. జాగీరు ఆ దర్గాకి ముడిపడినది. 1,654 ఎకరాల ఈ భూమి వక్ఫ్‌దా, ప్రభుత్వానిదా అన్న తగాదా ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వానిదేనని తేల్చింది. అప్పటికే ఆ భూముల మీద ఐటీ కంపెనీలూ, ఆకాశాన్నంటే టవర్లూ వచ్చేశాయి.

ఈ జాగీరు అన్న మాటకీ పోలీసులకీ సంబంధం ఉంది. నిజాం రాజ్యం ఒకే రాజ్యంలా కనబడేది గానీ పాలన మూడు ముక్కలుగా ఉండేది. సుమారు అరవై శాతం నేల దివానీ, అంటే ప్రభుత్వం నేరుగా పాలించేది. పది శాతం దాకా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. మిగిలిన మూడో వంతుకి కాస్త తక్కువ జాగీర్లూ, పాయిగాలూ, సంస్థానాలూ. పెద్ద జాగీర్లకీ పాయిగాలకీ సొంత కోర్టులుండేవి, సొంత పోలీసులుండేవారు. మణికొండ లాంటి చిన్న జాగీరుకి సొంత ఠాణా ఉండేదని నేను అనడం లేదు. ఒక ఊరి పొలిమేర దాటితే ఠాణా మారడమే కాదు, ఆ ఠాణాకి యజమానే మారిపోయే రాజ్యం అది అంటున్నాను.

హైదరాబాదు చుట్టూ ఉన్న నేల మరీ చిత్రం. నగరాన్ని ఉంగరంలా చుట్టుకుని ఉన్న 'అత్రాఫ్-ఎ-బల్దా' జిల్లా నిజాం సొంత జిల్లా. నగరానికి కొత్వాల్ ఉండేవాడు. ఆయన శాఖ 'కొత్వాలీ బల్దా'. జిల్లాల పోలీసు వేరు, 'కొత్వాలీ అజ్లా'. మొదటి సాలార్‌జంగ్ 1860లలో జిలాబందీ పెట్టి జిల్లాలనీ శాఖలనీ ఏర్పాటు చేసినప్పటి నుంచీ నగరం ఒక దారి, జిల్లాలు ఒక దారి. కొత్వాల్ ఎంత పెద్ద మనిషో చెప్పాలంటే 1920 నుంచి 1934 దాకా ఆ కుర్చీలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని తలుచుకుంటే చాలు. వనపర్తి సంస్థానం నుంచి వచ్చి, కింది మెట్టు నుంచి పైకెక్కి, నిజాంకి దగ్గరివాడైన అధికారి ఆయన. రెడ్డి హాస్టల్ వెనక ఉన్నదీ ఆయనే. ఈరోజు హిమాయత్‌సాగర్ దగ్గరున్న పోలీసు అకాడమీకి ఆయన పేరే. మణికొండ నుంచి ఔటర్ ఎక్కితే కాసేపట్లో అక్కడుంటాం.

కొత్వాల్ హద్దుకి మాత్రం బెజ్జాలు చాలా ఉండేవి. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ బజార్లు రెసిడెంటు చేతిలో ఉండేవి. అవి 1933లో గానీ నిజాంకి తిరిగి రాలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటు దొరల చేతిలో, సికింద్రాబాదు పట్టణం వెనక్కి రావడానికి 1940లు సగం గడవాల్సి వచ్చింది. మూసీకి ఇవతల జేబు కొట్టి కోఠీ గల్లీలోకి పోతే దొంగ ఇంకో ప్రభుత్వంలోకి పోయినట్టే. ఈ రెండు ప్రభుత్వాలూ నేరస్థుల అప్పగింత గురించి 1867లో ఏకంగా ఒప్పందమే రాసుకున్నాయి.

వీటన్నిటికన్నా సన్నటి హద్దు రైలు పట్టాలది. హైదరాబాదు నుంచి వాడి పోయే లైను పక్కన శంకర్‌పల్లి స్టేషను మనందరికీ తెలుసు. మణికొండ నుంచి వీకెండు ఫామ్‌హౌసులకి పోయేవాళ్ల దారి. 1895లో మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే ఆయన్ని అక్కడ బ్రిటిష్ పోలీసులు అరెస్టు చేశారు. లంచం కేసు, వారంటు ఇచ్చింది ఎక్కడో ఉన్న సిమ్లా మెజిస్ట్రేటు. రైల్వే నేల మీద నిజాం మాకు అధికారం ఇచ్చాడు కాబట్టి పట్టుకోవచ్చని బ్రిటిష్ వాళ్ల వాదన. కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో తీర్పు వచ్చింది: నిజాం ఇచ్చిన అధికారం రైల్వేకి సంబంధించిన నేరాల వరకే. సిమ్లాలో జరిగిందన్న నేరానికి ఇక్కడి ప్లాట్‌ఫారం మీద మనిషిని పట్టుకునే హక్కు మీకు లేదు, అరెస్టు చెల్లదు.

ఈ కేసు నాకెందుకు నచ్చుతుందంటే, ఇందులో హద్దు మనిషికి అడ్డం రాలేదు, అండగా నిలబడింది. "మా హద్దు కాదు" అన్న మాటని పోలీసు తప్పించుకోవడానికి వాడొచ్చు. "ఇది మీ హద్దు కాదు" అని పౌరుడు తనని తాను కాపాడుకోవడానికీ వాడొచ్చు. తర్వాత జరిగిన కలపడాలూ విడదీయడాలూ అన్నిటిలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి.

*

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. దానికి పెట్టిన పేరే 'పోలీసు చర్య'. పేరులో ఉన్న పోలీసు సంగతి ఆ తర్వాత ఏడాది తేలింది. 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. ఆగస్టు 15న జాగీర్ల రద్దు అమల్లోకి వచ్చింది. అత్రాఫ్-ఎ-బల్దా హైదరాబాదు జిల్లాలో కలిసిపోయింది. వందల ఏళ్లుగా ముక్కలుగా ఉన్న పోలీసు అధికారం కొద్ది నెలల్లో ఒకే ప్రభుత్వం కిందికి వచ్చింది. మన ప్రాంతంలో పోలీసు ఏకీకరణ అని దేన్నైనా అనాలంటే మొదట దీన్నే అనాలి.

కలిపిన పోలీసు శాఖలో పెద్ద కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మద్రాసు నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ అధికారులనీ సిబ్బందినీ రప్పించారు. పాత వ్యవస్థ మీద నమ్మకం లేదన్నది కారణం. స్థానికులకి అది ఇంకోలా కనబడింది: బయటివాళ్లొచ్చి మా ఉద్యోగాల్లో కూర్చుంటున్నారు. ముల్కీ ఆందోళన 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. సెప్టెంబరు 3న జరిగిన ఆ కాల్పుల మీద జస్టిస్ పింగళె జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. పోలీసుల పునర్వ్యవస్థీకరణ అనే మాట ఫైలులో ఎంత చల్లగా ఉన్నా బయట అది ఎప్పుడూ ఉద్యోగాల గొడవే, ఎవరి మీద ఎవరి లాఠీ అన్న గొడవే.

1956 నవంబరు 1న రెండోసారి కలిపారు. ఆంధ్ర వైపు పోలీసుది మద్రాసు సంప్రదాయం. పన్ను వసూళ్లలో చిత్రహింసల మీద 1855లో వచ్చిన నివేదిక తర్వాత రెవెన్యూ చేతుల్లోంచి పోలీసుని విడదీసి 1859లో చేసిన చట్టం దానిది. తెలంగాణ వైపు 1329 ఫస్లీ నాటి జిల్లా పోలీసు చట్టం, నగరానికి 1348 ఫస్లీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం. ఫస్లీ లెక్క తెలియనివాళ్లకి, ఆ రెండోది 1938-39 ప్రాంతం. రాష్ట్రం ఒకటైంది, ఖాకీ ఒకటైంది, చట్టాలు మాత్రం వేర్వేరుగానే మిగిలాయి. భాష కూడా అంతే. కోస్తాలో 'ఎస్సై గారు' స్టేషనులో ఉంటాడు. మా తాత తరం తెలంగాణలో 'అమీన్ సాబ్' ఠాణాలో ఉంటాడు. రోజ్‌నామ్చా, పంచనామా, నాకా లాంటి మాటలు ఇప్పటికీ పోలేదు.

ఆ 1348 ఫస్లీ చట్టం ఏం చేసిందో చూడండి. 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాలని స్థానికులకి కేటాయిస్తూ రాష్ట్రాన్ని జోన్లుగా విభజించాయి. అందులో 14వ పేరా కొన్ని ఉద్యోగాలని ఈ నిబంధన నుంచి మినహాయించింది. ఆ పేరాలో 'ఎఫ్' అనే చిన్న క్లాజు: హైదరాబాదు నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీలో నిర్వచించిన పోలీసు అధికారి పోస్టులు. అంటే నిజాం కాలపు చట్టంలో పోలీసు అధికారి అంటే ఎవరో చెప్పే ఒక్క వాక్యం వల్ల నగర పోలీసు ఉద్యోగాలకి స్థానిక రిజర్వేషన్ వర్తించదు.

2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నగర పోలీసు నియామకాలకి హైదరాబాదు 'ఫ్రీ జోన్'. అక్టోబరు 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన సభ. నవంబరు 29న కేసీఆర్ నిరాహార దీక్ష. డిసెంబరు 9 రాత్రి ఢిల్లీ ప్రకటన. తెలంగాణ ఒక్క క్లాజు వల్ల రాలేదు, దాని వెనక అరవై ఏళ్ల కథ ఉంది. కానీ ఆ ఏడాది నిప్పు రాజేసింది మాత్రం కానిస్టేబుల్ ఉద్యోగం ఎవరిదన్న ప్రశ్నే. తర్వాత 14 ఎఫ్ తొలగించారు. అప్పటికి ఉద్యమం దాన్ని దాటి చాలా దూరం పోయింది.

*

ఇక మా వైపు సంగతి. 1978 ఆగస్టులో హైదరాబాదు జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాని విడదీశారు. మణికొండ, రాయదుర్గం, గచ్చిబౌలి అంతా రంగారెడ్డి. అంటే ఎస్పీ పాలన. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. రాళ్లూ సీతాఫలం చెట్లూ ఉన్న చోట కంపెనీలొచ్చాయి, రాత్రి షిఫ్టులొచ్చాయి, పీజీ హాస్టళ్లొచ్చాయి. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2004లో దానికోసం ప్రత్యేకంగా సైబరాబాద్ మెట్రోపాలిటన్ ఏరియా పోలీసు చట్టం చేశారు. ఒక పరిశ్రమ పేరు మీద ఏర్పడ్డ పోలీసు పరిధి బహుశా దేశంలో ఇదే మొదటిదనిపిస్తుంది.

ఎస్పీ పోయి కమిషనర్ రావడమంటే బోర్డు మారడం ఒక్కటే కాదు. జిల్లాలో సభకి అనుమతి, నలుగురు గుమిగూడొద్దనే ఉత్తర్వు లాంటివాటిలో మెజిస్ట్రేటు అధికారం కలెక్టరు, ఆర్డీవోల వైపు ఉంటుంది. పోలీసు కోరతాడు, ఇంకొకరు సంతకం పెడతారు. కమిషనరేట్‌లో ఆ అధికారాలు కమిషనర్‌కే ఉంటాయి. కోరేదీ ఆయనే, సంతకం పెట్టేదీ ఆయనే. పని త్వరగా అవుతుంది, అందులో సందేహం లేదు. రెండో సంతకం మాత్రం పోతుంది. 2023 సెప్టెంబరులో ఒక రాజకీయ అరెస్టుకి నిరసనగా ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కాలనుకున్నప్పుడు ఐటీ కారిడార్‌లో నిరసనలకి అనుమతి లేదని పోలీసులు చెప్పారు. ఆ నిరసనతో మీరు ఏకీభవించొచ్చు, లేకపోవచ్చు. కాదనే అధికారమంతా ఒకే చోట ఉండటం ఎలా ఉంటుందో అప్పుడు చాలామంది మొదటిసారి చూశారు.

2014లో రాష్ట్రం విడిపోయింది. కలిపిన పోలీసుని మళ్లీ పంచుకున్నారు. విభజన చట్టం గ్రేహౌండ్స్ శిక్షణ కేంద్రం మూడేళ్లపాటు ఇద్దరికీ ఉమ్మడి అంది. ఉమ్మడి రాజధాని ప్రాంతంలో శాంతిభద్రతల మీద గవర్నరుకి ప్రత్యేక బాధ్యత ఉంటుందని ఎనిమిదో సెక్షన్ చెప్పింది. ఆ ఉమ్మడి రాజధాని జీహెచ్‌ఎంసీ హద్దుల వరకే. అప్పటికి పంచాయతీగా ఉన్న మణికొండ అందులో లేదు. పక్క వీధి గచ్చిబౌలి గవర్నరు పూచీ, మాది కాదు.

2016లో సైబరాబాద్‌ని రెండు చేసి తూర్పు భాగానికి రాచకొండ అని పేరు పెట్టారు. అదే దసరాకి పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం లాంటి చోట్ల కూడా కమిషనరేట్లొచ్చాయి. మణికొండ 2018లో మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో ఇంకో ఇరవై ఆరు పట్టణ సంస్థలతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఆ డిసెంబరులోనే నగరం చుట్టూ పోలీసు పటాన్ని మళ్లీ గీశారు. రాచకొండ పోయి మల్కాజిగిరి వచ్చింది, దక్షిణాన ఫ్యూచర్ సిటీ కమిషనరేట్ కొత్తగా వచ్చింది. ఇవి కాక 2024లో హైడ్రా, మత్తుమందుల మీద 2025లో ఈగల్. అర్ధశతాబ్దం లోపు మా వీధి ఇన్ని పటాల్లో ఇటూ అటూ జరిగింది.

*

ఇన్ని పటాల్లో ఏదీ ఆపలేకపోయిన ఒక రాత్రి ఉంది. 2019 నవంబరు 27, శంషాబాద్. కూతురు ఇంటికి రాలేదని తల్లిదండ్రులు పోలీసుల దగ్గరికి పోతే, అది మా పరిధి కాదంటూ ఇంకో స్టేషనుకి తిప్పారు. ఆలస్యం చేశారని తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఆ రెండు స్టేషన్లూ ఒకే కమిషనరేట్‌లోవి. ఇద్దరికీ పై అధికారి ఒక్కరే. నిజాం కాలపు పాయిగా పొలిమేర కాదు, కోఠీ రెసిడెన్సీ గోడ కాదు. అన్ని ఏకీకరణలూ అయిపోయిన తర్వాత కూడా ఆ గీత డెస్కు మీద అలాగే ఉంది.

పది రోజులు తిరక్కుండా, డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కావాలని కాల్చారని అది తేల్చింది. మొదటి రాత్రి పోలీసు తన హద్దు ఇంతేనని ఆగిపోయాడు. పది రోజులకి అసలు హద్దే లేదనుకున్నాడు. రెండూ ఒకే జబ్బు అని నాకనిపిస్తుంది. రెండు చోట్లా ఆ క్షణంలో అడిగేవాడు లేడు.

కలిపేస్తే సరిపోతుందా? స్కాట్లండ్ 2013 ఏప్రిల్‌లో ఎనిమిది పోలీసు దళాలని ఒకటిగా చేసింది. కాల్ సెంటర్లని కూడా దగ్గరికి చేర్చుకుంటూ వచ్చింది. 2015 జులైలో హైవే పక్కకి దూసుకుపోయిన కారు గురించి ఒకాయన ఫోన్ చేశాడు. ఆ ఫోన్ తీసుకున్న పోలీసు దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించలేదు. మూడు రోజుల తర్వాత గానీ ఎవరూ పోలేదు. కారులో ఒకరు చనిపోయారు, ప్రాణంతో ఉన్న రెండోవారు తర్వాత ఆస్పత్రిలో పోయారు. అక్కడ హద్దు గొడవే లేదు, దేశమంతా ఒకటే పోలీసు. అయినా ఫోన్ అందలేదు. తేడా ఒక్కటే: ఆ పోలీసు సంస్థ 2021లో కోర్టులో నిలబడి తప్పు ఒప్పుకుంది, లక్ష పౌండ్ల జరిమానా కట్టింది.

మన దగ్గర ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులోనే ఏం చేయాలో చెప్పింది. పోలీసు మీద ఫిర్యాదు వినడానికి స్వతంత్ర సంస్థ, అధికారులకి కనీసం రెండేళ్ల పదవీకాలం, దర్యాప్తు వేరు, శాంతిభద్రతలు వేరు. పటాలు మార్చడానికి రాత్రికి రాత్రి జీవోలిచ్చిన ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, వీటి దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తాయి. గీతలు మార్చడం సులువు. ఆ గీత దగ్గర నిలబడ్డవాడికి ఎవరు జవాబుదారీ అని రాసిపెట్టడం కష్టం.

ఒక మంచి మాట కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టం, 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని సూటిగా చెప్పింది. జీరో ఎఫ్‌ఐఆర్ పేరుతో అంతకుముందు ఆదేశాల్లో ఉన్నది ఇప్పుడు చట్టంలో ఉంది. కేసుని ఏ ఠాణాకి పంపాలో వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. రోడ్డుకి ఇటుపక్కో అటుపక్కో నిలబడి తేల్చుకోవాల్సిన పని మనది కాదు.

మొన్న మా అపార్టుమెంటు వాచ్‌మన్ సైకిల్ పోయింది. స్టేషనుకి తోడు రమ్మన్నాడు, వెళ్లాను. ఈసారి రైటర్ వేరే అతను, కుర్రవాడు. సైకిల్ ఎక్కడ పెట్టారని అడిగాడు. చెప్పగానే నాకు అలవాటైన మాటే మొదలుపెట్టాడు, "అది మా..." అని. నేను నూట డెబ్భై మూడో సెక్షన్ అన్నాను. ఒకసారి నా వైపు చూసి పెన్ను తీశాడు. వాచ్‌మన్ పేరు రాసుకుని, ఊరు అడిగాడు. వాచ్‌మన్ తన సొంతూరు చెప్పాడు. "అది కాదు, ఇక్కడ?" అన్నాడు. నేను చెప్పాను, మణికొండ జాగీర్.